పాపతోపాటు మిమ్మల్నీ కూర్చోబెట్టే క్లాసే వెతకండి

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. పాటంటే చెవి కోసుకుంటుంది. మ్యూజిక్ క్లాసులో చేర్పిద్దామని రెండు చోట్ల డెమోకి తీసుకెళ్లాం. మొదటిచోట పెద్ద స్క్రీను, స్పీకర్లు, మూణ్నెల్లకో సర్టిఫికెట్. తెలివితేటలు బాగా పెరుగుతాయన్నారు. తల్లిదండ్రులు బయటే కూర్చోవాలట. రెండోచోట ఒకావిడ కింద కూర్చుని పాడుతూ మమ్మల్నీ పాడమన్నారు. పాప మాత్రం గంటసేపూ నోరు విప్పలేదు, గిలక్కాయ చప్పరిస్తూ గోడవారన కూర్చుంది. పైగా నాకు పాట రాదు. మా వారికి మొదటిదే నచ్చింది. ఏది మేలంటారు?
– ఓ తల్లి

జవాబు: రెండోదే. పెద్దవాళ్లని బయట కూర్చోమన్నారని చదవగానే నా మట్టుకు తేలిపోయింది. ఏడాది దాటిన పిల్ల కొత్తచోట అమ్మ కనిపించకపోతే పాట వింటుందా, తలుపు వంక చూస్తుందా? ఆ స్క్రీను సంగతీ అంతే. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీను వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

మీ వారిని ఆకట్టుకున్నది బహుశా తెలివితేటల మాట. దీని పుట్టుక 1993లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక చిన్న పరిశోధన. పది నిమిషాలు మోట్సార్ట్ సంగీతం విన్నవాళ్లు, ఆకారాలను మనసులో తిప్పి చూసుకోవాల్సిన పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పది పదిహేను నిమిషాల్లోనే పోయింది. విన్నవాళ్లేమో కాలేజీ విద్యార్థులు, అందులో పసిపిల్ల ఒక్కతీ లేదు. దాన్ని పట్టుకుని ఎన్ని సీడీలు అమ్ముకున్నారో!

పసిపిల్లల మీదే జరిగిన పరిశోధనలు వేరే ఉన్నాయి. 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చినది నాకు చాలా ఇష్టం. ఏడు నెలల పిల్లలకు ఎక్కడా ఊనిక లేని, అంటే ఏ దెబ్బా మిగతావాటికంటే గట్టిగా పడని డ్రమ్ము దరువు ఒకటి వినిపించారు. కొందరిని ప్రతి రెండో దెబ్బకీ, కొందరిని ప్రతి మూడో దెబ్బకీ ఎత్తి ఊపారు. తర్వాత అదే దరువును రెండో దెబ్బకు ఊనికతో ఒకసారి, మూడో దెబ్బకు ఊనికతో ఒకసారి వాయించి వినిపిస్తే, ఎవరు ఏ లెక్కన ఊగారో ఆ దరువునే ఎక్కువసేపు విన్నారు. ఊపకుండా, వేరొకరు ఊగుతుంటే చూపించి ఊరుకుంటే ఆ తేడా రాలేదు. పాపకు లయ అందేది మీ ఒడిలో ఊగుతున్నప్పుడన్నమాట. 2012లో వచ్చిన మరో పరిశోధనలో, తల్లిదండ్రులతో కలిసి పాడే క్లాసుకు ఆర్నెల్లు వెళ్లిన పిల్లలు, రికార్డు మోగుతుంటే బొమ్మలతో ఆడుకున్న పిల్లలకంటే ఎక్కువగా నవ్వారు, వేలితో చూపించారు, టాటా చెప్పారు.

ఇక నోరు విప్పకపోవడం. పసిపిల్లలతో కూర్చుని పాడే పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, గోడవారన కూర్చునే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. చాలామంది అక్కడ కళ్లు విప్పార్చుకుని చూసి, ఇంటికెళ్లి స్నానం చేయిస్తుంటే మొదలుపెడతారు. ఈసారి పాట నడుస్తున్నంతసేపూ కాకుండా, అయిపోయిన క్షణంలో పాపను గమనించండి. టీచరు చివరి స్వరం ఆపి, వెంటనే ఇంకో పాట ఎత్తుకోకుండా ఒక్క ఊపిరి ఆగితే, ఆ ఖాళీలో కొందరు పిల్లలు సన్నగా ‘ఊ...’ అంటారు. ఒక్కోసారి సరిగ్గా ఆ శ్రుతిలోనే! ఆగడం తెలిసిన టీచరు దొరికితే వదలకండి. వారంవారం కొత్త పాటలతో ఊదరగొట్టేవాళ్లకంటే అవే నాలుగు పాటలు మళ్లీమళ్లీ పాడేవాళ్లు నయం. పెద్దవాళ్లకు విసుగు, పిల్లలకు పండగ. స్పీకర్ల హోరులో మీరు గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే మాత్రం అది పసిచెవులకు తగిన చోటు కాదు.

బోర్డు మీద కొడాయ్, ఓర్ఫ్, సుజుకి అన్న పేర్లు కనిపిస్తే కంగారు పడొద్దు. హంగరీ సంగీతకారుడు కొడాయ్ గొంతుతో పాడటాన్ని ముందు పెట్టాడు. జర్మనీకి చెందిన ఓర్ఫ్ ఆటా మాటా దరువూ కలిపాడు. జపాన్‌కు చెందిన సుజుకి, మాటలు వచ్చినట్టే వినగా వినగా సంగీతమూ వస్తుందన్నాడు, తల్లిదండ్రులు పక్కనే ఉండాలన్నాడు. మూడూ మంచివే. పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆ పద్ధతి క్లాసులో ఉంటుందని లేదు, అంతే.

‘నాకు పాట రాదు’ అన్నారు. పాపకు తెలిసిన మొదటి గొంతు మీదే, పుట్టకముందు నుంచీ వింటోంది. శ్రుతి తప్పితే లెక్కపెట్టేది మీరే, తను కాదు. క్లాసులో విన్న ఒక్క పాట బట్టలు తొడిగేటప్పుడు కూనిరాగం తీయండి చాలు.

రెండోచోట చేరేముందు రెండు మాటలు అడగండి. ఈ వయసుకు గంట ఎక్కువ, అరగంట, మహా అయితే ముప్పావుగంట చాలు. మధ్యలో పాపను ఎత్తుకుని బయటికి వస్తే ఏమన్నా అనుకుంటారా? పాకే పిల్లల్నీ పరుగులు తీసే పిల్లల్నీ ఒకేచోట కలిపేస్తారా? ఇక గిలక్కాయ చప్పరించడమంటారా, ఆ వయసులో వస్తువును తెలుసుకునే తీరే అది, చప్పరించనివ్వండి. క్లాసు క్లాసుకీ కడుగుతున్నారో లేదో కనుక్కోండి. మూత వదులై లోపలి గింజలు ఊడిపడేలా ఉంటే మాత్రం అక్కడికక్కడే తీసేయమనండి.