తాతగారి పెట్టెలో దొరికిన స్ప్రింగు డబ్బీ పొడుం డబ్బీయేనా?

కాదండీ. మీరు రాసిన మూడు గుర్తులు చాలు. జేబు గడియారంలా గుండ్రంగా ఉంది, పైన గొలుసుకు తగిలించే రింగు ఉంది, మూత తీస్తే వేలితో నొక్కగానే కిందికి దిగి మళ్ళీ పైకి లేచే చిన్న పళ్ళెం ఉంది. అది సవరన్లు, అంటే ఒక పౌను విలువైన ఇంగ్లండు బంగారు నాణేలు పెట్టుకుని ఒంటిమీద తగిలించుకుని తిరిగే కేసు. సవరన్ కేసు అనే అంటారు. ముక్కుపొడుం డబ్బీకి స్ప్రింగుతో పనేముంది? పొడి రాలకుండా మూత బిగువుగా పడితే చాలు.

ఎవరినీ అడగకుండా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 2012, 2015 లాంటి సంవత్సరం ఉన్న రూపాయి బిళ్ళ ఒకటి తీసుకోండి. దాని అడ్డకొలత దాదాపు 22 మిల్లీమీటర్లు, సవరన్‌దీ అంతే. 2019 తర్వాత వచ్చిన రూపాయి వద్దు, అది 20 మిల్లీమీటర్లే. బిళ్ళను పళ్ళెం మీద పెట్టి మెల్లగా కిందికి నొక్కుతూ, అంచున లోపలికి వంగి ఉన్న రేకు కిందికి పక్కనుంచి తోయండి. అక్కడ పట్టి నిలబడితే ఇక అనుమానం అక్కర్లేదు. పాత స్ప్రింగు కాబట్టి బలవంతం మాత్రం చెయ్యొద్దు. మీ డబ్బీలో పక్కపక్కనే రెండు గదులుంటే చిన్నది అర సవరన్‌ది, సుమారు 19 మిల్లీమీటర్లు. పాత వెండి రూపాయి 30 దాటుతుంది కనుక ఎలా పెట్టినా పట్టదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి కేసు ఒకటి నా కళ్ళముందే ముక్కలైపోబోయింది. మా మేనత్తావాళ్ళది చెన్నైలో మింట్ స్ట్రీట్ పక్క సందు. పాత ఇల్లు ఖాళీ చేస్తూ, విరిగిన వెండి సామాను అమ్మేద్దాం తోడు రమ్మంది. సొట్టలు పడ్డ ఉగ్గుగిన్నె, మూత పోయిన కుంకుమ భరిణెలు, తెగిన పట్టీలు, వాటి మధ్య ఈ డబ్బీ, అన్నీ ఒక చేతిసంచిలో వేసుకుని ఎన్నెస్సీ బోస్ రోడ్డులో ఒక దుకాణానికి వెళ్ళాం. కాటా దగ్గరున్న కుర్రాడు సంచి మొత్తం పళ్ళెంలో గుమ్మరించాడు. తర్వాత ఒక్కోటీ తీసి చూస్తూ ఈ డబ్బీ మూత తెరిచి, పట్టకారు చేతిలోకి తీసుకున్నాడు. "లోపల ఇనప స్ప్రింగుందమ్మా, ఇనుము తూకంలోకి రాదు, పీకేస్తా" అన్నాడు. నేను వాడి చేయి పట్టుకుని ఆపాను.

గొడవ విని లోపలినుంచి పెద్దాయన వచ్చారు. డబ్బీ చేతిలోకి తీసుకుని, బొటనవేలితో పళ్ళెం ఒకసారి నొక్కి చూసి, ఏమీ మాట్లాడకుండా బీరువా తాళం తీశారు. రెండు సవరన్లు తెచ్చి మొదటిది నొక్కి పక్కకు తోశారు. రేకు కింద టక్కున కూర్చుంది. దాని మీద రెండోది పెట్టి నొక్కితే మొదటిది లోపలికి దిగి దానికి చోటిచ్చింది. తర్వాత బొటనవేలితో పైదాన్ని పక్కకు జరిపారు. నాణెం ఆయన అరచేతిలోకి జారింది, అడుగునున్నది ఆ క్షణమే పైకి వచ్చి దాని స్థానంలో నిలబడింది. ఎక్కడా గలగల లేదు, నాణేలు ఒకదానికొకటి రాసుకుని అరగవు, చీకట్లోనైనా ఒక్కొక్కటే తీసివ్వొచ్చు. వందేళ్ళు దాటిన స్ప్రింగు అది! నూనె బొట్టు కూడా వెయ్యలేదెవరూ.

అప్పుడు మా అత్తకు హాల్లో వేలాడిన ఫోటో గుర్తొచ్చింది. వాళ్ళ మామగారి తండ్రి పంచె మీద కోటు, తలపాగాతో నిలబడి ఉంటాడు. కోటు గుండీలోంచి గొలుసు రెండు పక్కలా రెండు జేబుల్లోకి దిగి ఉంటుంది. ఒక జేబులో గడియారమని అందరికీ తెలుసు. రెండో జేబులో ఏముందని ఎవరూ ఎన్నడూ అడగలేదు. మీ ఇంట్లోనూ పాత ఫోటోలుంటే ఆ గొలుసు ఎక్కడికి పోతోందో ఒకసారి చూడండి. ఏ పుస్తకమూ అంత రుజువు ఇవ్వలేదు.

ఇంత చూపించాక కూడా ఆ పెద్దాయన చెప్పిన ధర ఏమిటో తెలుసా? వెండి తూకం, అందులోంచి స్ప్రింగు బరువు తీసివేత, ఆపైన తరుగు. మా అత్త ఒక్క మాట అనకుండా డబ్బీ తీసి కొంగున ముడేసుకుంది. నాకు ఇప్పటికీ మండేది ఇదే. మన ఊళ్ళో పాత వస్తువంటే గ్రాములే. ముందు కాటా, తర్వాత గీటురాయి, ఆ తర్వాత మూస. తెరిచి చూద్దాం, ఇది ఏం పని చేసేదో కనుక్కుందాం అన్న ఆలోచనే లేదు. మద్రాసులో ఒకప్పుడున్న సవరన్ కేసుల్లో సగానికి సగం ఇలాగే కరిగి పట్టీలై ఉంటాయని నా గట్టి నమ్మకం.

అసలు మనవాళ్ళకు ఇవెందుకని మీకు అనిపించవచ్చు. 1899 నుంచి ఇక్కడ సవరన్ పదిహేను రూపాయలకు చట్టబద్ధంగా చెల్లేది. 22 క్యారెట్లు, దాదాపు ఎనిమిది గ్రాములు. చెన్నైలో నగల కొట్లు ఈనాటికీ ఎనిమిది గ్రాముల లెక్కన ధర చెప్పేది దాన్నిబట్టే. 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ అనే బ్యాంకు దివాలా తీసి ఎన్నో కుటుంబాల దాచుకున్న సొమ్ము పోయింది. ఆ తర్వాత చేతిలో నాలుగు సవరన్లుంటేనే ధైర్యం అనుకున్నవాళ్ళు తప్పకుండా ఉండి ఉంటారు. 1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే ఇంగ్లండులో పౌను నోట్లు వచ్చి బంగారు నాణెం చేతులు మారడం తగ్గిపోయింది, దాంతో ఈ కేసుల అవసరమూ పోయింది. కాబట్టి మీది అంతకుముందుదే అయ్యుండే అవకాశం ఎక్కువ. ఒకవేళ లోపల నాణెం ఇరుక్కుని ఉంటే దాని మీది గుర్రం బొమ్మ కింద, సంవత్సరం పైన చిన్న ఇంగ్లీషు 'ఐ' (I) అక్షరం ఉందేమో చూడండి. 1918లో బొంబాయిలో ముద్రించిన సవరన్ల గుర్తు అది. అలాంటిది దొరికితే దయచేసి కాసులపేరు కోసమని దానికి కొక్కెం అతికించొద్దు. టంకం పడ్డ నాణేన్ని సేకరించేవాళ్ళు ముట్టుకోరు. ఎన్ని మంచి సవరన్లు ఆ కొక్కేల పాలయ్యాయో!

ఇక డబ్బీ మీద ముద్రలు, అంటే ఇంగ్లండులో వెండిని పరీక్షించి కొట్టే గుర్తులు. మూత లోపలి అంచున భూతద్దంతో చూడండి. నడుస్తున్న సింహం ఉంటే 925 వెండి. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల ఉంటే లండన్. కత్తి, మూడు గోధుమ పనలు ఉంటే చెస్టర్, ఆ పరీక్షా కార్యాలయం 1962లోనే మూతపడింది. పక్కనున్న ఒంటి అక్షరాన్నిబట్టి ఏ సంవత్సరమో తేలుతుంది. సింహం లేకుండా 'ఈపీఎన్ఎస్' (EPNS) అని ఉంటే వెండి పూత మాత్రమే, అయినా పారెయ్యదగ్గది కాదు. అడుగున గరుకు పట్టీ ఉండి లోపల ఖాళీగా ఉంటే అది అగ్గిపుల్లల డబ్బీ. లోపల చిల్లులున్న రెండో మూత ఉంటే అత్తరు దూదిది. ఆన్‌లైన్‌లో విక్టోరియా కాలంనాటివంటూ అమ్మే ఇత్తడివాటిని నమ్మొద్దు, కొత్త సరుకును నల్లబరిచి పెడుతున్నారు.

ఆ ముద్రలు చదివేదాకా చింతపండు, విభూతి, టూత్‌పేస్టు, ఏదీ పెట్టి తోమకండి. మెత్తటి పొడిగుడ్డ చాలు. మన ఇళ్ళలో తళతళలాడాలని తోమి తోమి అక్షరాలు అరిగిపోయిన వెండి ఎంత చూశానో.

అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకు పంపి అక్కడ వేలంలో పెట్టిస్తానన్నారు. ఆ ఆలోచన మానుకోండి. నూరేళ్ళు దాటిన వస్తువును దేశం దాటించడం 1972 పురావస్తు చట్టం ప్రకారం నేరం, అది నాణెమైనా డబ్బీ అయినా. అమ్మాలనే ఉంటే ఇక్కడే సేకరించేవాళ్ళున్నారు. ముందు ఆ ముద్రల ఫోటో దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి, ఏ ఊరిదో ఏ సంవత్సరందో చూద్దాం. అప్పటిదాకా దాన్ని ఏ కాటా మీదా పెట్టనివ్వొద్దు.