మాపులు విడదీసి లెక్కపెట్టు

చిట్టితల్లీ,

మీ ఆపరేషన్ థియేటర్‌లో చెక్‌లిస్టు బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మురిసిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కాగితమే కదా: 19 అంశాలు, మూడుచోట్ల ఆగడం. అదంతా నీకు తెలిసిందే. ఒక్కటి గుర్తుంచుకో, పేరూ, ఆపరేషన్ ఏ వైపో పేషెంటు నోటితోనే చెప్పించు. “మీరు ఫలానాయేనా?” అని అడిగితే భయంలో ఉన్న మనిషి దేనికైనా తలూపుతాడు.

నా భయమంతా సైన్ అవుట్ గురించే, అదే, పేషెంటు థియేటర్ దాటేముందు లెక్కలు సరిచూసే చివరి ఆగడం. నాకప్పుడు నీ వయసే. అర్ధరాత్రి దాటాక పొట్ట ఆపరేషన్, రక్తం ఒక పట్టాన ఆగలేదు. మాపులు, అంటే రక్తం అద్దే గుడ్డలు, ఐదేసి చొప్పున మూడు కట్టలు విప్పాం. బోర్డు మీద 15 అని రాసింది నేనే. పొట్ట మూసేముందు డాక్టరుగారు “కౌంట్?” అన్నారు. బకెట్లో మాపులు రక్తంలో నాని ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఒక్కోటీ విడదీసి పరచాలి. పైపైన చూసి “కరెక్ట్ సార్” అనేశాను. 

పదకొండో రోజు ఆవిడకు జ్వరం, పొట్ట ఉబ్బరం. ఎక్స్‌రేలో సన్నగా, తెల్లగా మెలికలు తిరిగిన దారం. మాపులో ఆ దారం కుట్టేదే అలా కనపడటానికి. మళ్లీ కోశారు. బతికింది. ఇంటికి వెళ్లేరోజు నా చెయ్యి పట్టుకుని “ఆ రాత్రంతా నా కోసం నిలబడ్డావటగా” అంది. లెక్క తప్పింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు.

అందుకే, ఎవరు తొందరపెట్టినా “ఆగండి సార్, లెక్క కాలేదు” అను. గొంతు వణికినా అను. ముందే టిక్కులు పెట్టేసిన కాగితం కనిపిస్తే, పెట్టింది నువ్వే అయినా సరే, చించి పారెయ్. ఇదంతా రాతపని అని విసుక్కునేవాళ్లకు చెప్పు: ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఈ కాగితం వాడాక మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో అచ్చయింది. “ఇన్నేళ్ల అనుభవం నాది” అనే పెద్దాయనకు 1935 నాటి బోయింగ్ విమానం సంగతి చెప్పు. నడిపినవాడు చేయి తిరిగిన పైలటే. గాలికి తోకలోని కదిలే పలకలు ఊగకుండా వేసిన తాళం తీయడం మరిచి పైకి లేపాడు, కూలింది. పైలట్లకు చెక్‌లిస్టు వచ్చింది ఆ తర్వాతే.

నీ కాళ్లు జాగ్రత్త, గంటలతరబడి నిలబడకు అంటే వింటావా? నేనూ వినలేదులే.

ఇప్పటికీ ఉతికిన తువ్వాళ్లు ఐదేసి చొప్పున పేర్చి, విడదీసి మళ్లీ లెక్కపెడతాను. మీ మామయ్య చూసి నవ్వుతారు. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మీ అత్తయ్య