రేసు ట్రాకుల చరిత్ర అడిగారు, రోడ్డు పని చేసినోడిగా చెప్తా

అడిగిన ప్రశ్న: ప్రపంచంలో పేరున్న మోటార్ రేసు ట్రాకుల చరిత్ర ఏంటి, మామూలు రోడ్డుకీ వాటికీ తేడా ఏంటి?

మాది మహబూబ్‌నగర్ జిల్లా, దేవరకద్ర పక్కన పల్లె. మా నాయిన ఇరవై ఏండ్లు రోడ్డు పనులకు పోయిండు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తే ఇంటికి తాళం వేసి పెండ్లాం పిల్లలతో సహా లారీ ఎక్కే పాలమూరు లేబర్ అంటారే, మేము వాళ్లమే. ఎండాకాలం సెలవుల్లో నేనూ కంకర తట్టలు మోసిన. ఇప్పుడు హైదరాబాద్‌లో రోడ్డు పనుల మీద సూపర్‌వైజర్‌ని. ఏ రేసు ఎవరు గెలిచారన్నది వేరేవాళ్లు నాకంటే బాగా రాస్తారు. నేను కింద ఉన్న నేల గురించి రాస్తా.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. 2.83 కిలోమీటర్ల ట్రాకు, 18 మలుపులు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కరెంటు కార్లు కదా, నాయినకు ఆ సన్నటి కూత నచ్చలేదు. నాలుగు రోజుల తర్వాత ఇద్దరం ఆ రేసు జరిగిన ఎన్టీఆర్ మార్గ్ మీద నడుస్తుంటే మాత్రం ఆయన ఉన్నట్టుండి గొంతుక్కూర్చున్నడు. రెండు డాంబరు వరుసలు కలిసేచోట బొటనవేలి గోరుతో గీకి చూసి, "జాయింటు తెలుస్తనే లేదు బిడ్డా. ఎంతమంది ఏసిండ్రో?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. ట్రాకుల గురించి చదవడం ఆ రాత్రి మొదలైంది.

పనిగట్టుకుని రేసుల కోసమే కట్టిన మొట్టమొదటి పెద్ద ట్రాకు ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్, 1907. హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి సొంత భూమిలో కట్టించాడు. మలుపులో నేలను దాదాపు 9 మీటర్ల ఎత్తు దాకా గోడలా లేపారు. అంత వాలు మీద డాంబరు పరిచి రోలరు తొక్కించడం ఆ రోజుల్లో కాని పని, అందుకే కాంక్రీటు పోశారు. కొన్నేళ్లకే అది ఎత్తుపల్లాలై కార్లు గాల్లోకి ఎగిరేవి. కింద మట్టి కుంగితే పైన ఎంత మంచి కాంక్రీటున్నా అంతే, ఇది మా ఊరి సీసీ రోడ్డుకూ తెలుసు.

అమెరికాలో ఇండియానాపోలిస్ ట్రాకు 1909లో మొదలైంది. కంకర మీద డాంబరు పోసి రేసు పెట్టేశారు. కార్లు తిరుగుతుంటే రోడ్డు లేచి రాళ్లు ఎగిరాయి, ఆ మొదటి మూడు రోజుల్లోనే ఐదుగురు చనిపోయారు. దాంతో ట్రాకంతా 32 లక్షల ఇటుకలు పరిచారు. ఒక్కో ఇటుక నాలుగు కిలోల పైనే. మనుషులు చేత్తో ఒక్కొక్కటి పెట్టుకుంటూ 63 రోజుల్లో పూర్తి చేశారు! రోజుకు యాభై వేల ఇటుకలు. ఎంత పెద్ద గుంపు కావాలో, ఎన్ని నడుములు పడిపోయి ఉంటాయో పనిచేసినోడికి తెలుస్తుంది. ఇప్పుడు పైన అంతా తారే. రేసు మొదలై ముగిసే గీత దగ్గర మాత్రం ఒక గజం వెడల్పున ఆ ఇటుకలు అలాగే ఉంచారు, గెలిచినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని వాటిని ముద్దుపెట్టుకుంటారు.

ఇటలీలో మోంజా ట్రాకును 1922లో 3,500 మంది 110 రోజుల్లో కట్టారు. మట్టి మోయడానికి చిన్న రైలు పట్టాలే వేసుకున్నారు. జర్మనీలో నూర్బుర్గ్‌రింగ్ కథ చదువుతుంటే నాకు మన పాలమూరే కళ్లముందు కనబడింది. ఐఫెల్ అనేది కొండలు, అడవులున్న బీద ప్రాంతం. అక్కడి జనానికి పని దొరకాలని 1925లో ట్రాకు పని మొదలుపెట్టారు. మన దగ్గర కరువు పనుల కింద చెరువులు తవ్వినట్టు అక్కడ రేసు ట్రాకు తవ్వారు. 1927లో తెరిచారు. ఆ ట్రాకులో ఉత్తర చుట్టు అనే పాత భాగం ఇప్పటికీ 20.8 కిలోమీటర్లు, మా ఊరి నుంచి మహబూబ్‌నగర్ పోయినంత. 1976లో ఆస్ట్రియా రేసు డ్రైవరు నికీ లౌడా కారు అక్కడే కాలిపోయింది, ఆ తర్వాత ఫార్ములా వన్‌ను మళ్లీ ఆ పొడుగు చుట్టు మీద పెట్టలేదు.

తేడా అడిగారు కదా. మామూలు రోడ్డు మీద బరువు ఎక్కువగా కిందికి పడుతుంది. రేసు ట్రాకులో టైరు రోడ్డును పక్కకు, వెనక్కు చీరుతుంది. లారీలు తిరిగే మూలమలుపులోనే రోడ్డు ముందు ఎందుకు లేస్తుందో గమనించండి, అదే సంగతి వంద రెట్లు అనుకోండి. డాంబరు, కంకర పాళ్లు కుదరాలి, జాయింటు వేడి మీదే కలవాలి, ఆపైన రోడ్డు గట్టిపడే దాకా ఆగాలి. ఆ ఆగడమే ఎవరికీ చేతకాదు. నేను పనిచేసిన ఒక కాంట్రాక్టరు నాయకుల ప్రారంభోత్సవం ఉందని పొద్దున వేసిన రోడ్డు మీద మధ్యాహ్నమే బండ్లు వదిలిండు. ఎండకు డాంబరు మెత్తగైంది, ఇసుక లారీ టైర్ల కింద రోడ్డు చాపలెక్క చుట్టుకుని లేచింది. తిట్లు మాకు పడ్డయి. బెల్జియంలో స్పా ట్రాకు మీద 1985 జూన్‌లో ఇట్లనే అయిందని చదివి నిజంగా ఆశ్చర్యపోయిన. రేసుకు కొద్ది రోజుల ముందు కొత్త తారు వేశారు, కార్లు తిరిగేసరికి ముక్కలు ముక్కలుగా లేచింది. రేసును సెప్టెంబరుకు వాయిదా వేయాల్సి వచ్చింది.

మన దేశంలో ఒకప్పుడు మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద రేసులు జరిగేవి. తర్వాత ఆ మద్రాసు దగ్గరే ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు వచ్చింది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు, 2011 నుంచి 2013 దాకా అక్కడ మూడు ఫార్ములా వన్ రేసులు జరిగితే మూడూ జర్మనీ డ్రైవరు సెబాస్టియన్ వెటెల్‌వే. మీకు వీలైతే ఇరుంగాట్టుకోట్టై చూడండి.

మొన్న దసరాకు ఊరికి పోయినప్పుడు ఇండియానాపోలిస్ ఇటుకల ఫొటో నాయినకు ఫోన్‌లో చూపించి 32 లక్షల లెక్క చెప్పిన. ఆయన ఫొటోను రెండు వేళ్లతో పెద్దగ చేసి చాలాసేపు చూసిండు. "కింద ఏం పోసిండ్రు?" అని అడిగిండు.

"ఇసుక పరిచి, దాని మీద పేర్చిండ్రు నాయినా. సందుల్ల సిమెంటు మాల్ నింపిండ్రు."

"గట్లయితే ఆగుతది," అని ఫోన్ నా చేతిల పెట్టిండు.