రిపోర్టు మైల్డ్ అంటోంది, రాత్రిళ్లు నిద్ర లేదు... ఏది నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 38. ఆరేళ్లుగా ఆస్తమా ఉంది. స్పైరోమెట్రీలో (గొట్టంలోకి గట్టిగా ఊదించే ఊపిరి పరీక్ష) 86 శాతం వచ్చింది, ‘మైల్డ్’ అన్నారు. కానీ వారంలో రెండు మూడు రాత్రులు దగ్గుతో, పిల్లికూతలతో మెలకువ వస్తోంది. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ఇంకో డాక్టర్ ఫీనో టెస్ట్ చేయించారు. 58 వచ్చింది, లోపల వాపు బాగా ఉందన్నారు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాశారు గానీ, భయమేసి బాగాలేనప్పుడే వాడుతున్నాను. రోజూ సాల్బ్యుటమాల్‌తోనే నెట్టుకొస్తున్నాను. రిపోర్టు బాగానే ఉందిగా, ఇదంతా టెన్షనే అంటున్నారు ఇంట్లోవాళ్లు. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదు. పిల్లికూతలతో నిద్ర లేవడం టెన్షన్ వల్ల వచ్చేది కాదు. ఆ ఇద్దరు డాక్టర్లూ చెప్పింది నిజమే, కాకపోతే ఇద్దరూ చూసినవి వేర్వేరు. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో, మీ వయసు, ఎత్తుకు ఉండాల్సినదానితో పోలిస్తే మీరు ఎంత గాలి బయటికి పంపగలిగారో చెప్పేది ఆ 86 శాతం. అదీ ఆ పూట, కుర్చీలో కూర్చుని ఊదినప్పటి సంగతి. ఆస్తమాలో శ్వాసనాళాలు రోజంతా ఒకేలా ఉండవు, అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఎక్కువగా బిగుసుకుంటాయి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఫొటో తీసి ఇక్కడ ట్రాఫిక్కే ఉండదంటే ఎలా?

ఇక ఫీనో. ఇది మీరు వదిలే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంత ఉందో కొలుస్తుంది. ఇసినోఫిల్స్ అనే కణాలతో వచ్చే అలర్జీ తరహా వాపు ఉంటే శ్వాసనాళాల లోపలి పొర ఆ వాయువును ఎక్కువగా తయారుచేస్తుంది. పెద్దవాళ్లలో 25 లోపు తక్కువ, 50 దాటితే ఎక్కువ. కాబట్టి 58 మీకు ఒకరకంగా మంచి కబురే: పీల్చే స్టెరాయిడ్ మీకు బాగా పనిచేసే అవకాశం ఉందని అర్థం. అంతేగానీ, మీరు ఎంత ఇబ్బంది పడుతున్నారో ఆ అంకె చెప్పలేదు. ఫీనో బాగా ఎక్కువున్నా హాయిగా పరుగెత్తేవాళ్లు ఉన్నారు, తక్కువున్నా మెట్లెక్కలేనివాళ్లూ ఉన్నారు. పొగతాగేవాళ్లలో ఇది తగ్గి కనిపిస్తుంది. కొందరికి వాపు ఇసినోఫిల్స్‌ది కానే కాదు. పైగా ముక్కు అలర్జీ, అధిక బరువు, గ్యాస్ పైకి తన్నడం, నిద్రలేమి లాంటివి ఆస్తమాతో కలిసి మనిషిని కుంగదీస్తాయి. టెన్షన్ కూడా అందులో ఒకటి. మళ్లీ ఆయాసం వస్తుందేమోనన్న భయంతో ఊపిరి వేగంగా తీసుకుంటే ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఇంట్లోవాళ్ల మాటలో నిజం ఉంటే అంతవరకే.

జీవన నాణ్యతను కొలవడానికి వేరే పద్ధతి ఉంది. 1992లో ఎలిజబెత్ జూనిపర్ అనే పరిశోధకురాలి బృందం 32 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసింది. లక్షణాలతో పాటు ఏ పనులు చేయలేకపోతున్నారు, మనసు ఎలా ఉంది, పొగ, దుమ్ము ఎంత బాధపెడుతున్నాయి అని అడుగుతుంది. నాకు ఇందులో నచ్చేది పనుల గురించి అడగడం. ‘‘ఆయాసం వస్తోందా?’’ అంటే చాలామంది ‘‘లేదండీ, బాగానే ఉంది’’ అంటారు. ‘‘మెట్లెక్కుతున్నారా?’’ అంటే ‘‘మానేశానండీ, లిఫ్ట్‌లోనే వెళ్తున్నా’’ అంటారు. మెట్లు మానేస్తే ఆయాసం ఎక్కడ కనిపిస్తుంది?

మీ జబ్బు మైల్డా, తీవ్రమా అన్నది ఇప్పుడే ఎవరూ తేల్చలేరు. ఎంత మందుతో అదుపులోకి వచ్చిందో చూసి, ఆ తర్వాత చెప్పే మాట అది. మీరు మందే సరిగ్గా వాడలేదు కదా! అదుపులో ఉందో లేదో మాత్రం చెప్పొచ్చు. గత నాలుగు వారాల్లో పగటిపూట లక్షణాలు వారానికి రెండుసార్లకు మించి వచ్చాయా, రాత్రి మెలకువ వచ్చిందా, రిలీవర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చే మందు, మీ విషయంలో సాల్బ్యుటమాల్) వారానికి రెండుసార్లకు మించి వాడారా, పనులకు అడ్డం వచ్చిందా? వీటిలో మూడింటికి ‘అవును’ అంటే అదుపులో లేనట్టే. మీ ఉత్తరంలోనే ఆ మూడూ ఉన్నాయి.

సాల్బ్యుటమాల్ కొన్ని గంటలు నాళాలను తెరుస్తుంది, వాపు జోలికి పోదు. అందుకే పెద్దవాళ్లలో దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దని ఆస్తమా చికిత్సకు మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ గినా 2019 నుంచి చెబుతోంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రోజూ వాడండి. స్టెరాయిడ్, నాళాలను తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ మీకు సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి. దాన్ని రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడూ వాడొచ్చు. భయం దేనికి? పీల్చే మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా నాళాల్లోకే వెళ్తుంది. ఆయాసం ముదిరి ఆస్పత్రిలో చేరితే ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు ఒంటికి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిపూత, గొంతు బొంగురు చాలావరకు రావు.

ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో డాక్టర్ ముందు ఒకసారి చేసి చూపించండి. స్ప్రే రకమైతే ముందు ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. చాలామందికి మందు నాలుకకే తగిలి అక్కడే ఆగిపోతుంది. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా) పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

రాత్రి నిద్ర కొద్ది వారాల్లోనే కుదుటపడొచ్చు. వాపు అంత తొందరగా పోదు, కాబట్టి అప్పుడే మందు ఆపకండి. రెండు మూడు నెలల తర్వాత ఫీనో మళ్లీ చేయించండి. ఈలోగా మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలిరంగుకు తిరిగినా, రిలీవర్ పీల్చినా తగ్గకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.