ఏ పనీ చేయకపోయినా హార్డ్ డిస్క్ తిరుగుతూనే ఉంది, ఎందుకు?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లో వాడే పాత డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్. ఊరికే ఉన్నా డిస్క్ లైటు ఆరడం లేదని అడిగారు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. అందులో ‘డిస్క్’ అన్నచోట క్లిక్ చేస్తే ఎక్కువ వాడుతున్నది పైకొస్తుంది. విండోస్ అప్‌డేటో, డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) స్కానో, సెర్చ్ ఇండెక్సింగో (ఫైళ్లు త్వరగా వెతకడానికి జాబితా రాసుకోవడం) అయితే టెన్షన్ వద్దు, కాసేపు వదిలేస్తే సర్దుకుంటుంది. ‘సిస్టమ్’ అన్నది అన్నిటికంటే పైన ఉండి, మెమరీ (ర్యామ్) వాడకం 90 శాతం దాటితే అసలు దొంగ ర్యామే కావచ్చు: చోటు చాలక విండోస్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటుంది. క్రోమ్ ట్యాబులు మూసి చూడండి.

టక్ టక్‌మని శబ్దం వస్తుంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ముందు ఫొటోలు వేరేచోటికి కాపీ చేసుకోండి. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో పసుపు రంగు ‘కాషన్’ (హెచ్చరిక) కనిపిస్తే డిస్క్‌ను నమ్మొద్దు. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్క్) వేయించుకోండి. డీఫ్రాగ్ (డిస్క్‌లో ముక్కలుగా ఉన్న ఫైళ్లను ఒకచోట చేర్చడం) చేస్తే బాగవుతుందని ఎవరైనా చెప్పినా వినకండి.