అడ్వాన్సు ఇచ్చేముందు మిమ్మల్ని అడగాల్సింది

ఒక ఇల్లాలు ఉత్తరం రాశారు. ఖమ్మం నుంచి హైదరాబాద్ మారుతున్నారు. ఇద్దరు పిల్లలు, మూడో తరగతి ఒకరు, యూకేజీ ఒకరు. భర్త ఆఫీసు రాయదుర్గంలో. ఆయన మాటమాత్రం చెప్పకుండా వనస్థలిపురంలో వాళ్ల అక్క ఇంటి పై పోర్షన్‌కు రెండు నెలల అడ్వాన్సు ఇచ్చి వచ్చారు. ఉత్తరం రాసినావిడకు ఆఫీసుకు దగ్గరలోని కొండాపూర్ నయమనిపిస్తోంది. పిల్లలకు ఏ ఏరియా మంచిదని అడిగారు.

ఏరియా సంగతి పక్కన పెట్టండమ్మా. రెండుచోట్లా పిల్లలు బాగానే పెరుగుతారు. మీ నాలుగు పేజీల ఉత్తరంలో మీ వదిన ఊసు తొమ్మిదిసార్లు వచ్చింది, మీవారిది రెండుసార్లు. అసలు పేచీ ఆవిడతో కాదు, కాపురం ఎక్కడ పెట్టాలో భార్యను అడగని మనిషితో. నేనది చిన్న తప్పు అనుకోను. నీళ్లు పట్టేదీ, బస్సు వేళకు పిల్లల్ని తయారుచేసేదీ మీరే కదా.

అలాగని "మీ అక్క ఇల్లు వద్దు" అంటూ మొదలుపెట్టకండి, మాట అక్కడే తెగిపోతుంది. దారి లెక్క చెప్పండి. ఎల్బీనగర్ దాకా బండో బస్సో, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలు మారాలి, దిగాక మళ్లీ ఆటో. గడప దాటి సీట్లో కూర్చునేసరికి గంటన్నరైనా పడుతుంది. ఆయన ఇల్లు చేరేసరికి చిన్నది నిద్రపోతుంది. పనిరోజున, ఉదయం 8 గంటలకు ఇద్దరూ ఆ దారిన ఒకసారి వెళ్లిరండి. ఆదివారం చూస్తే ఏమీ తెలియదు.

కొండాపూర్‌నూ అంతే గట్టిగా చూడండి. అద్దె ఎక్కువ, మెయింటెనెన్స్ వేరు. మే నెలలో రోజుకెన్ని ట్యాంకర్లు వచ్చాయో, డబ్బు ఎవరు కట్టారో వాచ్‌మన్ భార్యను అడగండి, ఆమెకు తెలుస్తుంది. ఎక్కడైనా సరే సెల్లార్‌లోకి దిగి చూడండి. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. గోడలకు రంగు వేసినా మెట్ల కింద, మీటరు బాక్సు వెనక మట్టి చార మిగిలి ఉండొచ్చు. కొత్త బడిలో సీటు ఖాయమయ్యాకే ఖమ్మంలో టీసీ తీసుకోండి.

ఇల్లు వద్దనుకుంటే ఆ మాట వాళ్ల అక్కకు ఆయనే చెప్పాలి. మీరు ఫోన్ చేయొద్దు. అడ్వాన్సులో ఒక నెల పోయినా పోనివ్వండి. ఇద్దరూ చూసి వనస్థలిపురమే అనుకుంటే మనస్ఫూర్తిగా వెళ్లండి. కాకపోతే పై పోర్షన్‌కు కరెంటు మీటరు వేరుగా ఉందా, నీళ్ల మోటారు స్విచ్ ఎవరింట్లో ఉంది, రాత్రి గేటు తాళం మీకొకటి ఇస్తారా అన్నది సామాను దించకముందే తేల్చుకోండి.