స్టెరాల్స్ కలిపిన ఆహారం తింటే కొలెస్టరాల్ మాత్ర అక్కర్లేదా?

ప్రశ్న: నా వయసు 54 సంవత్సరాలు. ఆరేళ్లుగా మధుమేహం ఉంది. ఈమధ్య చేయించిన రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 162 వచ్చింది. డాక్టరుగారు రోజూ అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోమన్నారు. జీవితాంతం మింగాలేమోనన్న భయంతో ఇంకా మొదలుపెట్టలేదు. ఇంతలో లండన్ నుంచి వచ్చిన మా అమ్మాయి ప్లాంట్ స్టెరాల్స్ కలిపిన, వెన్నలాంటి స్ప్రెడ్ డబ్బాలు తెచ్చింది. అది తింటే మాత్ర మానేయవచ్చా? తవుడు నూనె వాడితే అదీ అక్కర్లేదని పక్కింటివారు అంటున్నారు. గర్భిణి అయిన మా కోడలు కూడా ఆ స్ప్రెడ్‌నే రొట్టెకు రాసుకుని తింటోంది. పర్వాలేదా?
— ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీరు చివర అడిగిన దానికే ముందు సమాధానం చెబుతాను. మీ కోడలిని ఆ స్ప్రెడ్ ఇక తినవద్దని చెప్పండి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఐదేళ్లలోపు పిల్లలకు ఇది తగిన ఆహారం కాదని ఐరోపా దేశాల్లో అమ్మే ఇటువంటి డబ్బాల మీదే రాసి ఉంటుంది. ఇప్పటిదాకా తిన్నందుకు కంగారు పడనవసరం లేదు. అయితే గర్భంతో ఉన్నప్పుడు కొలెస్టరాల్ తగ్గించుకోవలసిన పని లేదు. పైగా స్టెరాల్స్ వల్ల విటమిన్ ఎ తయారీకి కావలసిన బీటా కెరోటిన్ ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది.

ఇక మీ సంగతి. స్టెరాల్స్ మొక్కల్లో సహజంగా ఉండే పదార్థాలు, రూపంలో కొలెస్టరాల్‌ను పోలి ఉంటాయి. మనం తిన్న ఆహారంలోని కొలెస్టరాల్, కాలేయం నుంచి పైత్యరసంతో పాటు పేగుల్లోకి దిగే కొలెస్టరాల్, రెండూ రక్తంలోకి చేరాలంటే పైత్యరస లవణాలతో ఏర్పడే అతి సూక్ష్మమైన బిందువుల్లో చోటు సంపాదించుకోవాలి. బస్సులో రుమాలు వేసి సీటు ఆపినట్లు, స్టెరాల్స్ ఆ చోటును ముందే ఆక్రమిస్తాయి. చోటు దొరకని కొలెస్టరాల్ మలంతో బయటికి పోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను మరింతగా లాక్కుంటుంది. అందువల్ల ఇది భోజనంతో పాటు తీసుకుంటేనే పనిచేస్తుంది, పరగడుపున తింటే ప్రయోజనం తక్కువ.

రోజుకు 2 గ్రాముల స్టెరాల్స్ క్రమం తప్పకుండా తీసుకుంటే, రెండు మూడు వారాల్లో ఎల్‌డీఎల్ సుమారు 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. 3 గ్రాములు దాటితే అదనపు లాభం పెద్దగా ఉండదు. మీ లెక్కలో చూస్తే 162 కాస్తా 146 దగ్గర ఆగుతుంది. మధుమేహం ఉన్నవారికి ఎల్‌డీఎల్ కనీసం 100 కన్నా తక్కువ ఉండాలి, గుండెకు ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 70 కన్నా తక్కువ ఉండాలి. కాబట్టి స్ప్రెడ్ ఒక్కటే మీకు సరిపోదు. మీకు రాసిన మాత్ర ఎల్‌డీఎల్‌ను మూడో వంతుకు పైగా తగ్గించగలదు. దానికి స్టెరాల్స్ తోడైతే, మిగిలిన దానిలో మరో పది శాతం వరకు తగ్గి 100 లోపుకు రావచ్చు. మాత్ర మోతాదును రెట్టింపు చేసినా అదనంగా తగ్గేది 6 శాతమే కనుక ఈ తోడు చిన్నదేమీ కాదు. అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. మీకు రాసిన అటోర్వాస్టాటిన్ వంటి స్టాటిన్ మాత్రలు గుండెపోటును, పక్షవాతాన్ని తగ్గిస్తాయని పెద్ద పెద్ద పరీక్షల్లో రుజువైంది, స్టెరాల్స్ విషయంలో అటువంటి రుజువు లేదు. మీరు మాత్ర మొదలుపెట్టకుండా రోజులు గడపడమే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. కండరాల నొప్పులు వంటివి వస్తే డాక్టరుగారికి చెప్పండి, మందు మార్చడానికో మోతాదు సవరించడానికో వీలుంటుంది. అంతేగాని, భయపడి మొదలే పెట్టకపోవడం మంచిది కాదు.

డబ్బా మీద లేబుల్‌ను ఒకసారి జాగ్రత్తగా చదవండి. ‘ప్లాంట్ స్టెరాల్స్’ అని ఉంటే ఆ అంకెనే లెక్కలోకి తీసుకోవచ్చు. ‘స్టెరాల్ ఎస్టర్స్’ (కొవ్వు ఆమ్లాలతో కలిపిన స్టెరాల్స్) అని ఉంటే 3.3 గ్రాముల ఎస్టర్స్ 2 గ్రాముల స్టెరాల్స్‌కు సమానం. ఇటువంటి స్ప్రెడ్‌లలో తరచుగా 10 గ్రాములకు 0.75 గ్రాముల స్టెరాల్స్ ఉంటాయి, అంటే రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాములు తినాలి. దోసెకు వేసే నెయ్యికి, పెసరట్టు మీది వెన్నకు బదులుగా దీన్ని వాడాలి తప్ప, వాటితో పాటు వాడితే కొవ్వు పెరుగుతుంది. కొవ్వు తగ్గించిన రకాల్లో నీరు ఎక్కువ, వేపుళ్లకు పనికిరావు. మన విశాఖ ఉక్కపోతలో డబ్బాను బయట వదిలేయకుండా ఫ్రిజ్‌లో ఉంచండి.

పక్కింటివారు చెప్పినదాంట్లో కొంత నిజముంది. మిగతా చాలా నూనెల కన్నా తవుడు నూనెలో స్టెరాల్స్ ఎక్కువ. అయితే మూడు టీ చెంచాల నూనెలో దొరికేది ఒక గ్రాములో ఐదో వంతు కూడా కాదు. నువ్వుల్లోనూ ఉన్నాయి, కానీ వంద గ్రాములు తిన్నా ఒక గ్రాము అందదు. వాటిని మామూలు వంటలో భాగంగా వాడుకోండి, మందులా భావించి నూనె ఎక్కువ పోయకండి.

బీటా కెరోటిన్ లోటు రాకుండా, స్ప్రెడ్ తిన్నన్నాళ్లూ మునగాకు, తోటకూర, గుమ్మడి, క్యారెట్ వంటివి రోజూ ఏదో ఒక పూట ఉండేలా చూసుకోండి. సైటోస్టెరాలీమియా అనే అరుదైన జన్యువ్యాధి ఉన్న కుటుంబాల వారు మాత్రం స్టెరాల్స్ కలిపిన ఆహారం అసలు ముట్టకూడదు. అమ్మాయి తెచ్చిన డబ్బాలు అయిపోయాక మళ్లీ దొరకకపోతే, కొద్ది వారాల్లో దాని ఫలితం కూడా పోతుందని గుర్తుంచుకోండి. మాత్ర మొదలుపెట్టిన ఆరు నుంచి పన్నెండు వారాల్లోపు లిపిడ్ (రక్తంలోని కొవ్వుల) పరీక్ష మళ్లీ చేయించుకోండి. థైరాయిడ్ లోపం వల్లా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కనుక, ఇదివరకు చేయించి ఉండకపోతే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష కూడా చేయించుకోండి. ఆ ఫలితాలతో పాటు స్ప్రెడ్ లేబుల్‌ను కూడా మీ డాక్టరుగారికి చూపించండి.